యాజమాన్యం మారాక టెక్నీషియన్ గంటలు తగ్గించేశారు, నేనేం చేయాలి?

ప్రశ్న (స్టాఫ్ ఫార్మసిస్ట్, కాలిఫోర్నియా)

అందరికీ నమస్కారం. వరంగల్‌లో ఫార్మ్‌డీ చేసి ఇక్కడికొచ్చాను. నాలుగేళ్లుగా ఒక పెద్ద మందుల షాపుల చెయిన్‌లో పని చేస్తున్నా, హెచ్‌1బీ మీద. మా కంపెనీ చేతులు మారింది. కొత్త సీఈఓ వీడియోలో "పేషెంటే ముందు" అంటే నిజంగా సంతోషపడ్డాం. రెండు నెలలకి డిస్ట్రిక్ట్ మేనేజర్ మారారు. ఆ తర్వాతి నెల టెక్నీషియన్ (ఫార్మసిస్ట్‌కి సాయపడే ఉద్యోగి) గంటలు వారానికి 160 నుంచి 115కి దించారు. స్క్రిప్టులేమో (మందుల చీటీలు) పెరిగాయి, ఎందుకంటే పక్క స్టోర్ మూసేసి ఆ పేషెంట్లందర్నీ మాకే పంపారు. పైగా వారానికి ఇన్ని టీకాలు వేయాలని నా పేరు మీద టార్గెట్.

మొన్న సోమవారం సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది దాకా ఒక్కదాన్నే. డ్రైవ్‌త్రూ బెల్లు మోగుతూనే ఉంది, రెండు ఫోన్ లైన్లు హోల్డ్‌లో, ఫ్లూ షాట్ కోసం ముగ్గురు కూర్చున్నారు. డాక్టర్ ఆఫీసు వాయిస్‌మెయిల్ విని హైడ్రాక్సిజీన్ 25 బదులు హైడ్రాలజీన్ 25 కొట్టాను. నేను కొట్టిన మందూ తీసిన డబ్బా ఒకటే కాబట్టి బార్‌కోడ్ స్కాన్ కూడా ఆపలేదు. కౌన్సెలింగ్‌లో పెద్దావిడ "దురదకి ఇది రాత్రిపూట వేసుకోవాలా?" అని అడిగితే గుండె ఆగినంత పనైంది. దురద మందు బదులు బీపీ మందు ఇవ్వబోయాను. సంచి వెనక్కి తీసుకుని మార్చి ఇచ్చాను. ఇంటికెళ్లినా చేతుల వణుకు తగ్గలేదు.

గంటలు ఇలా కోసేయొచ్చా? కొత్త సీఈఓకి మెయిల్ పెట్టాలా? మా స్టోర్ కూడా మూసేస్తే నా వీసా ఏమవుతుంది?

జవాబు (ఫార్మసిస్ట్ ఇన్‌ఛార్జ్, కాలిఫోర్నియా)

చెల్లీ, ఆవిణ్ణి నిలబెట్టి మాట్లాడావు కాబట్టే ఆ తప్పు కౌంటర్ దాటలేదు. ఎంత హడావిడి ఉన్నా కౌన్సెలింగ్ మాత్రం వదలకు. ఆ సంగతి స్టోర్ క్వాలిటీ రికార్డులో ఎక్కించావా? లేకపోతే రేపు పొద్దున్నే మొదటి పని అదే.

నేను 2003కి ముందు బీఫార్మ్ అయినదాన్ని. మా బ్యాచ్‌ల దాకా నాలుగేళ్ల డిగ్రీతోనే ఇక్కడి అర్హత పరీక్షలు రాయనిచ్చారు. అప్పటినుంచి పైన చాలామంది మారడం చూశాను. అందరికీ తెలిసినదే చెప్తా. వాల్‌గ్రీన్స్ అనే పెద్ద చెయిన్‌లో 2021 మార్చిలో రోజలిండ్ బ్రూవర్ సీఈఓగా వచ్చారు. 2022 అక్టోబర్‌లో ఫార్మసిస్టుల పనితీరు లెక్కలోంచి టాస్కుల కొలమానాలు తీసేస్తున్నామన్నారు. మంచి నిర్ణయమే. అయినా ఏడాదికి, 2023 అక్టోబర్‌లో, అక్కడి ఫార్మసిస్టులు పని ఆపి బయటికొచ్చారు. అప్పటికి ఆవిడ దిగిపోయారు, అదే నెలలో టిమ్ వెంట్‌వర్త్ వచ్చారు. 2024 అక్టోబర్‌లో మూడేళ్లలో 1,200 స్టోర్లు మూస్తామన్నారు. 2025 ఆగస్టులో సైకమోర్ పార్ట్‌నర్స్ అనే పెట్టుబడి సంస్థ కొనేసి మైక్ మోట్జ్‌ని సీఈఓగా పెట్టింది. ఇంకో పెద్ద చెయిన్ సీవీఎస్‌లోనూ 2023 సెప్టెంబర్‌లో కాన్సస్ సిటీ ఫార్మసిస్టులు డ్యూటీకి రాకుండా నిరసన తెలిపారు. 2024 అక్టోబర్‌లో సీఈఓ కేరెన్ లించ్ దిగిపోయి డేవిడ్ జోయ్నర్ వచ్చారు.

కొలమానం తీసేసినా జనం ఎందుకు బయటికొచ్చారో ఆలోచించు. బెంచి దగ్గర సాయానికి మనిషి లేకపోతే ఆ మార్పు మనదాకా రాదు. పీబీఎంలు (ఇన్సూరెన్స్ తరఫున మందుల బిల్లులు చూసే కంపెనీలు) స్క్రిప్టుకిచ్చే డబ్బు తగ్గుతూ వస్తోంది. అప్పుచేసి కంపెనీని కొన్నచోట ఆ వడ్డీ కూడా స్టోర్ల ఆదాయంలోంచే కట్టాలి. అద్దె వెంటనే తగ్గదు, మందుల ధర మన చేతిలో లేదు. అంత తేలిగ్గా కోయగలిగేది టెక్నీషియన్ గంటలే. అందుకే నేను సీఈఓ వీడియోలు చూడటం మానేసి, ప్రతి వారం షెడ్యూల్లో టెక్నీషియన్ గంటలు ఎన్నున్నాయో రాసుకుంటాను. పాతికేళ్లలో నాకు నిజం చెప్పింది ఆ అంకె ఒక్కటే.

ఇక చట్టం. సీపీజేఈకి (ఇక్కడి ఫార్మసీ చట్టం పరీక్ష) చదివావుగా, మళ్లీ తియ్యి. కాలిఫోర్నియా చట్టం ఎస్‌బీ 1442 ప్రకారం సాయానికి ఇంకో ఉద్యోగి అందుబాటులో లేకుండా నిన్ను ఒంటరిగా పని చేయమని చెయిన్ బలవంతపెట్టకూడదు. నీ సోమవారం సాయంత్రం సరిగ్గా ఇదే. ఎస్‌బీ 362 చెయిన్లలో ఫార్మసిస్టులకి కోటా పెట్టడాన్ని నిషేధించింది, నీ టీకాల టార్గెట్ దానికిందకే వచ్చేట్టుంది. 2024 నుంచి అమల్లో ఉన్న ఏబీ 1286 వల్ల, తగినంతమంది సిబ్బందిని పెట్టే నిర్ణయం మీ ఇన్‌ఛార్జ్‌ది. ఆయన లేనప్పుడు పని ఒత్తిడిని బట్టి సిబ్బందిని సర్దే అధికారం డ్యూటీలో ఉన్న నీది. పేషెంటు ప్రాణానికో ఆరోగ్యానికో తక్షణ ముప్పు ఉండే పరిస్థితైతే స్టోర్ మేనేజ్‌మెంట్‌కి వెంటనే చెప్పాలి. 24 గంటల్లో సరిచేయకపోతే విషయం రాష్ట్ర ఫార్మసీ బోర్డుకి చేరాలి.

జీతం విషయం కూడా చూసుకో. ఈ రాష్ట్రంలో స్టాఫ్ ఫార్మసిస్టుకి రోజులో ఎనిమిది గంటలు దాటితే ఓవర్‌టైమ్ రావాలి. సింకు పక్కన నిలబడి రెండు ముద్దలు మింగడం భోజన విరామం కాదు. అరగంట ఇవ్వకపోతే ఆ రోజుకి ఒక గంట జీతం అదనంగా కట్టాలి.

సీఈఓకి రాయకు. ముందు ఇన్‌ఛార్జ్‌కి, డిస్ట్రిక్ట్ మేనేజర్‌కి కలిపి ఒకే మెయిల్ పెట్టు. ఏడుపు, కోపం ఏవీ వద్దు: ఫలానా తేదీ, 4 నుంచి 8, టెక్నీషియన్లు సున్నా, స్క్రిప్టులు ఇన్ని, టీకాలు ఇన్ని, ఒక తప్పు చివరి నిమిషంలో దొరికింది, సోమవారం సాయంత్రాలకి ఒక టెక్నీషియన్ కావాలి. ఒకటే కోరిక అడుగు. నోటితో చెప్తే గాల్లో కలిసిపోతుంది. నీ సొంత నోట్‌బుక్‌లో పేషెంటు పేరు, స్క్రిప్టు నంబరు మాత్రం రాయకు, హిపా (పేషెంటు వివరాల గోప్యత చట్టం) సమస్య అవుతుంది.

జవాబు (ఇల్లినాయ్‌లో ఫార్మసిస్ట్, వీసా కష్టాలు పడినవాణ్ణి)

వీసా సంగతి నేను చెప్తానండీ. ముందు మీ పే స్టబ్ (జీతం చీటీ) తీసి, జీతమిచ్చే కంపెనీ పేరు, ట్యాక్స్ నంబరు పాతవేనా చూడండి. కేవలం షేర్లు చేతులు మారి, మీ ఎంప్లాయర్ అదే ఉంటే సాధారణంగా హెచ్‌1బీకి ఏమీ చేయక్కర్లేదు. ఎంప్లాయరే మారితే గ్రీన్‌కార్డు దగ్గర జాగ్రత్త. పాత ఐ140 (కంపెనీ మీకోసం వేసిన గ్రీన్‌కార్డు పిటిషన్) వాడుకోవాలంటే కొత్త కంపెనీ వారసత్వం చూపించి మళ్లీ ఫైల్ చేయాల్సి వస్తుంది.

చాలామంది జారేది ఇక్కడ: "మీ స్టోర్ మూస్తున్నాం, ఇంకో ఊళ్లో ఉద్యోగం ఇస్తాం" అంటారు. ఆ ఊరు మీ ఎల్‌సీఏలో (హెచ్‌1బీ కోసం కంపెనీ కార్మిక శాఖకిచ్చిన పత్రం) ఉన్న మెట్రో ప్రాంతం బయటైతే, అక్కడ అడుగుపెట్టే ముందే సవరణ పిటిషన్ వేయాలి. రెండు మూడు స్టోర్లకి తిప్పుతుంటే కూడా లాయర్‌ని అడగండి. ఉద్యోగమే పోతే మీకుండేది 60 రోజులు, ఐ94 (ఇక్కడ ఉండేందుకిచ్చిన గడువు) తేదీ అంతకంటే ముందుంటే ఆ తేదీ వరకే. భారీ తొలగింపులకిచ్చే 60 రోజుల ముందస్తు నోటీసు మీద ఆశ పెట్టుకోకండి. ఫెడరల్ చట్టం సాధారణంగా ఒకేచోట కనీసం 50 మంది ఉద్యోగాలు పోతేనే వర్తిస్తుంది, మందుల షాపులో అంతమంది ఎక్కడుంటారు? మాట్లాడాల్సింది కంపెనీ లాయర్‌తో కాదు, మీ సొంత లాయర్‌తో. ఆ ఫీజు దగ్గర వెనకాడకండి.

అడిగినవారు

అక్కా, అన్నా, ఇద్దరికీ దండాలు. రికార్డులో ఎక్కించాను. మా ఇన్‌ఛార్జ్ భయపడతారనుకున్నా, కానీ మెయిల్ చదివి తన సంతకం కూడా కలిపారు. జవాబు మూడో రోజు వచ్చింది: సోమ, శుక్ర సాయంత్రాలకి ఒక టెక్నీషియన్. టార్గెట్ గురించి ఒక్క మాటా లేదు. దానికి విడిగా ఇంకో మెయిల్ రాస్తున్నా, ఎస్‌బీ 362 పేరు పెట్టి. పే స్టబ్‌లో ట్యాక్స్ నంబరు పాతదే. లాయర్ అపాయింట్‌మెంట్ గురువారం.

జవాబు (ఫార్మసిస్ట్ ఇన్‌ఛార్జ్, కాలిఫోర్నియా)

ఆ రెండు సాయంత్రాలకి టెక్నీషియన్ని కొత్తగా ఇచ్చారా, పొద్దుటి గంటలు కోసి ఇచ్చారా? వచ్చేవారం షెడ్యూల్ మొత్తం కూడి చూడు. 115 దాటలేదంటే మళ్లీ రాయి, ఆ మెయిల్ పంపేముందు నాకు చూపించు.