బంతి ఇద్దరి చేతుల్లో ఉంటే ఎవరిది?

ఎన్ఎఫ్ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్) రూల్స్ బాగా తెలిసినవాళ్లు కాస్త చెప్పండి. 2012 సెప్టెంబర్ 24న సియాటిల్ సీహాక్స్, గ్రీన్ బే ప్యాకర్స్ మ్యాచ్‌లో చివరి ప్లే గురించి. సియాటిల్ ఆటగాడు రసెల్ విల్సన్ ఎండ్ జోన్‌లోకి (మైదానం చివర స్కోరు చేసే చోటు) విసిరిన బంతిని ప్యాకర్స్ ఆటగాడు జెన్నింగ్స్ గాల్లోనే రెండు చేతులతో గుండెకి అదుముకున్నాడు. సియాటిల్ ఆటగాడు గోల్డెన్ టేట్ చెయ్యి కూడా బంతి మీదే ఉంది. ఒక అఫీషియల్ టచ్‌డౌన్ (ఎండ్ జోన్‌లో బంతి పట్టినందుకు సియాటిల్‌కి స్కోరు) అని చేతులెత్తాడు, పక్కనున్నాయన గడియారం ఆపమని చేతులూపాడు. సియాటిల్ 14-12తో గెలిచింది.

ఇద్దరూ ఒకేసారి పట్టుకుంటే బంతి పాస్ వేసిన టీమ్‌దే, సరే. ముందు ఒకరికి పట్టు దొరికాక రెండోవాడు చెయ్యి కలిపితే అది వర్తించదు కదా? మరి ఆ ‘ముందు’ గాల్లో ఉండగానే లెక్కా, కాళ్లు నేలకి తగిలాకా? నాకైతే అది జెన్నింగ్స్ క్యాచే. టేట్ అంతకుముందు డిఫెండర్‌ని తోసింది ఫౌలేనని లీగే మర్నాడు చెప్పింది, అది వేరే సంగతి. రిప్లే చూసి కూడా టచ్‌డౌన్ ఎందుకు ఉంచేశారు?