సీరియల్ జంటలు కాలంతో పాటు నిజంగా మారతాయా?

ప్రశ్న – చిక్కడపల్లి నుంచి

2017 అక్టోబరులో స్టార్ మాలో మొదలై 2023 జనవరి దాకా సాగిన ‘కార్తీక దీపం’ను మా అత్తగారితో కలిసి మళ్లీ మొదటి నుంచి చూస్తున్నాను. దీప నలుపును లెక్కచేయకుండా, తల్లి వద్దన్నా వినకుండా ఆమెను పెళ్లాడిన కార్తీక్, అదే భార్యను ఏళ్ల తరబడి అనుమానించడం నాకు మింగుడుపడటం లేదు. దీన్ని పాత్రలో వచ్చిన మార్పు అనుకోవాలా, కథను సాగదీయడానికి చేసుకున్న ఏర్పాటు అనుకోవాలా? మన సీరియళ్లలో భార్యాభర్తలు, ప్రేమికులు నిజంగా మారిన సందర్భాలు ఉంటే చెప్పగలరు.

జవాబు – మల్కాజిగిరి నుంచి

కార్తీక్ మారలేదండీ, ఆగిపోయాడు. తనకు పిల్లలు పుట్టే అవకాశం లేదని, అతన్ని దక్కించుకోవాలనుకున్న స్నేహితురాలు మోనిత నమ్మించిన అబద్ధం మీదే అతని అనుమానమంతా నిలబడింది కాబట్టి, ఆ అబద్ధం బయటపడేదాకా అతను ఎటూ కదలడానికి వీల్లేదు. స్వయంగా డాక్టరై ఉండి డీఎన్‌ఏ పరీక్ష చేయించుకోడేమిటని అప్పట్లో ఊరంతా నవ్వుకుంది (మా ఆఫీసు క్యాంటీన్‌లో మగవాళ్లు కూడా ఇదే మాట్లాడుకునేవారు, సీరియళ్లు చూడమంటూనే). మారింది దీప. మెట్టినింటి నుంచి బయటికొచ్చి, వంట పని చేసి కూతురు శౌర్యను పెంచుకుని, వంటలక్కగా పేరు తెచ్చుకున్న మనిషి, భర్త ఎదురుపడినప్పుడు మొదటి రోజుల్లోలా తలవంచుకుని నిలబడదు. అయినా ‘డాక్టర్ బాబూ’ అన్న పిలుపును మాత్రం వదలదు. దీపకంటే ఎక్కువగా మారింది సౌందర్య. కోడలి రంగు చూసి అసహ్యించుకున్న ఆవిడే చివరికి కొడుకును కాదని కోడలి పక్షాన నిలబడింది. నన్నడిగితే ఆ సీరియల్‌లో అసలు ప్రేమకథ అత్తాకోడళ్లదే.

జవాబు – కృష్ణానగర్ నుంచి

కొన్నాళ్లు సీరియల్ రచనా బృందంలో పనిచేశాను కాబట్టి లోపలి సంగతి చెబుతాను. వారానికి ఐదారు ఎపిసోడ్లు ప్రసారమయ్యే కథలో జంట కలిసిపోతే ఆ ట్రాక్ అక్కడితో అయిపోయినట్టే. గురువారం రేటింగులు వస్తాయి. ఏ గొడవకు రేటింగు పెరిగిందో ఆ గొడవనే ఇంకొన్ని వారాలు నడపమని చానల్ అడుగుతుంది. అందుకే సయోధ్య కుదిరిన మర్నాడే ఎవరో ఒకరు తలుపు చాటున సగం మాట విని అపార్థం చేసుకుంటారు. పాత్ర నిజంగా మారాలంటే నిన్నటి అనుభవం ఈరోజు గుర్తుండాలి, ఆ జ్ఞాపకాన్ని మేమే తుడిచేసేవాళ్లం.

జవాబు – దిల్‌సుఖ్‌నగర్ నుంచి

కృష్ణానగర్ వారి మాటను కాదనను గానీ, 2020 డిసెంబరులో మొదలైన ‘గుప్పెడంత మనసు’ను కూడా అదే గాటన కట్టడం న్యాయం కాదు. చిన్నప్పుడే తనను వదిలి వెళ్లిపోయిందన్న కోపంతో కన్నతల్లి జగతిని ‘మేడం’ అని పిలిచే రిషికి, ఆ జగతినే గురువుగా కొలిచే వసుధార మీద ప్రేమ పుట్టింది. తల్లీకొడుకులను కలపాలన్న పట్టుదలను వసుధార ప్రేమ కోసం వదులుకోదు, రిషి తన కోపాన్ని వదులుకోడు. ఇక్కడ అడ్డు మోనితలాంటి మూడో మనిషి అల్లిన అబద్ధం కాదు, ఇద్దరి స్వభావాలే. కాబట్టి రిషి ఒక్క మెట్టు దిగినా ఆ దిగడం మనకు కనిపించింది. కథ ముదిరిన తర్వాత కిడ్నాపులు, కుట్రలు వచ్చి పడి ఇదంతా చెదిరిపోయిందనుకోండి, నేను మాట్లాడేది తొలి రోజుల గురించి.

చిక్కడపల్లి నుంచి మళ్లీ

అందరికీ ధన్యవాదాలు. సౌందర్య మాట చదివి వినిపిస్తే మా అత్తగారు వెంటనే ఒప్పుకున్నారు, రిషి విషయంలో మాత్రం ఒప్పుకోలేదు. ఈ లెక్కన ‘బ్రహ్మముడి’లో ఇష్టం లేని పెళ్లితో మొదలైన రాజ్, కావ్యల జంటను ఏ కోవలో పెట్టాలి? అక్కడ కావ్య గీసే నగల డిజైన్లు రాజ్ వ్యాపారానికి అక్కరకొచ్చేవే కాబట్టి, అతని గౌరవం ముందు పనితనం మీద పుట్టి తర్వాత మనిషి దాకా వెళ్లిందని నాకు అనిపిస్తోంది. చూసినవారు చెప్పండి.