పాత జీఐ పైపుకు సీపీవీసీ అతికించవచ్చా, అంతా మార్చాలా?

నల్లకుంట నివాసి:
మా ఇల్లు 1980లలో కట్టింది. గోడల్లో జీఐ (జింకు పూత వేసిన ఇనుప) పైపులే. స్నానాలగది వైపు ఒకటి తుప్పుపట్టి కారుతోంది. అంతవరకు కోసి సీపీవీసీ (వేడినీళ్లకూ తట్టుకునే ప్లాస్టిక్ పైపు) వేస్తే చాలని ఒక ప్లంబర్ అంటున్నారు. ఇనుముకూ ప్లాస్టిక్‌కూ పొత్తు కుదరదు, గోడలు పగలగొట్టి అంతా మార్చాలని ఇంకొకరు. ఎవరి మాట వినాలి?

మలక్‌పేట మేస్త్రి:
పొత్తు కుదరదన్న మాట తప్పు. కలిపే పద్ధతి తెలియనివాళ్లే అలా అంటారు. జీఐ పైపు మరలు కొసకు సన్నబడుతూ ఉంటాయి. వాటి మీదికి ఉత్త ప్లాస్టిక్ సాకెట్ ఎక్కించి రెంచితో బిగిస్తే, తిప్పేకొద్దీ అది లోపలి నుంచి విచ్చుకుంటుంది. ఆరోజు చుక్క కారదు, కొన్నాళ్లకు సన్నగా పగులుతుంది. అందుకే లోపల ఇత్తడి మరలున్న అడాప్టరే (రెండు రకాల పైపులను కలిపే ముక్క) వాడాలి. టెఫ్లాన్ టేపు చుట్టి ముందు మరలు బిగించండి, ఆ తర్వాతే సొల్యూషన్‌తో (సీపీవీసీ జిగురు) పైపు అతికించండి. పాత పద్ధతిలో జనపనార చుట్టి నూనె రంగు పూస్తే ఒప్పుకోకండి. కొన్ని నూనెలు సీపీవీసీని పగులగొడతాయి.

వేడినీళ్ల లైనైతే ఇంకో సంగతి. మూడు మీటర్ల సీపీవీసీ 40 డిగ్రీలు వేడెక్కితే సుమారు 7 మిల్లీమీటర్లు సాగుతుంది. అంతే పొడవున్న ఇనుము ఒకటిన్నర మిల్లీమీటరు కూడా సాగదు. కదలడానికి చోటివ్వకుండా సిమెంటుతో బిగిస్తే ఆ ఒత్తిడంతా అతుకు మీదే పడుతుంది. అతుకును గోడలో పూడ్చకండి, కంటికి కనిపించే చోట ఉంచండి.

చిక్కడపల్లి గృహిణి:
మేస్త్రిగారూ, అతుకు సంగతి సరే, మిగిలిన పైపు మాటేమిటి? బోరు నీళ్లకు లోపల గార కట్టి సగం పూడిపోయి ఉంటుంది. ఇక్కడ రెంచి వేస్తే అవతలి మూల మరలు తెగుతాయి. మా ఇంట్లో జరిగింది అదే. రెండుసార్లు గోడ పగలగొట్టే ఖర్చు ఎవరు భరిస్తారు?

మలక్‌పేట మేస్త్రి:
ఆ భయం న్యాయమైనదేనమ్మా. కోసిన ముక్క లోపల చూస్తే తెలిసిపోతుంది. గార దట్టంగా ఉన్నా, మరలు పొడిపొడిగా రాలుతున్నా మొత్తం మార్చమనే నేనూ చెబుతాను. లోహం గట్టిగా ఉంటే మాత్రం బాగున్న గోడను పగలగొట్టించను. రెండో రెంచితో పాత పైపును కదలకుండా పట్టుకోవాలి, అంతే.

నల్లకుంట నివాసి:
మీటరు దగ్గర ఆ పైపుకు ఒక పచ్చ తీగ చుట్టి ఉందండీ. అడ్డమేమైనా ఉందా?

మలక్‌పేట మేస్త్రి:
అయితే ఇప్పుడే కోయకండి! అది ఎర్తింగ్ తీగ కావచ్చు. పాత ఇళ్లలో నీళ్ల పైపునే ఎర్త్‌గా వాడేవారు. మధ్యలో ప్లాస్టిక్ ముక్క పడితే, లీకైన కరెంటు భూమిలోకి పోయే ఆ దారి తెగుతుంది. తర్వాత గీజర్‌లో కరెంటు లీకైతే కుళాయి ముట్టుకున్నవారికి షాక్ కొడుతుంది. ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలిచి విడిగా ఎర్త్ వేయించండి. పైపు పని ఆ తర్వాతే.