ఒలింపస్ ఓఎం-1 మీటర్‌కి ఏ బ్యాటరీ వెయ్యాలి?

నా ఓఎం-1 ఫిల్మ్ కెమెరాలో షటర్ చక్కగా పనిచేస్తోంది, అది పూర్తిగా మెకానికల్ కాబట్టి. సమస్యంతా వెలుతురు కొలిచే మీటర్‌తోనే. దానికి కావాల్సిన 1.35 వోల్టుల మెర్క్యురీ బ్యాటరీ ఇప్పుడు దొరకదు. 1.5 వోల్టుల ఆల్కలైన్ వేస్తే, మిట్టమధ్యాహ్నం ఎండలో ఐఎస్ఓ 400, ఎఫ్/16, 1/500 దగ్గర మధ్యలో నిలవాల్సిన ముల్లు, వెలుతురు ఎక్కువైందన్నట్టు ప్లస్ వైపు లేచిపోతోంది. ఐఎస్ఓ 200కి తిప్పితే ఎండలో సరిపోయింది కానీ, ఇంట్లో ఫోన్ యాప్ రీడింగ్‌తో అస్సలు కలవడం లేదు. వినికిడి యంత్రాల 675 జింక్-ఎయిర్ వేస్తే రీడింగ్ బాగుంది, కానీ స్టిక్కర్ పీకాక వాడకపోయినా కొన్ని వారాలకే అయిపోతోంది. రోల్ ఖరీదు చూస్తే అంచనాతో తీయడానికి మనసొప్పడం లేదు.

వోల్టేజీ తగ్గించే డయోడ్ ఉన్న అడాప్టర్‌లో ఎస్ఆర్44 (సిల్వర్ ఆక్సైడ్ బటన్ బ్యాటరీ) వేసి వాడుతున్నవాళ్లు చెప్పండి: ఎండలోనూ, ఇంటి వెలుతురులోనూ మీటర్ సరిగ్గానే చూపిస్తోందా?