60 లీటర్ల రీఫ్ ట్యాంక్ సైక్లింగ్: బీచ్ నీళ్లా, ఆర్‌ఓ నీళ్లలో కలిపిన సాల్టా?

మధురవాడ_నానో:
పగడాల కోసం పెట్టే ఉప్పునీటి (రీఫ్) ట్యాంక్ 45×35×38 సెం.మీ. డ్రై రాక్ 6 కిలోలు, అరగొనైట్ ఇసుక 5 కిలోలు, వేవ్‌మేకర్, 50 వాట్ల హీటర్ సిద్ధం. రాయీ ఇసుకా పోను సుమారు 50 లీటర్ల నీళ్లు పడతాయి. విశాఖలో ఉండి మెరైన్ సాల్ట్ (సముద్రపు నీళ్లలా కలుపుకునే ఉప్పు) బకెట్ కొనడం దండగని కొందరు, బీచ్ నీళ్లు పోస్తే ట్యాంక్ గోవిందా అని కొందరు. సముద్రపు నీళ్లలో బాక్టీరియా ఉంటుంది కాబట్టి సైకిల్ (చేపల్ని వేసే ముందు, అమ్మోనియాను మార్చే బాక్టీరియాను ట్యాంకులో పెంచడం) త్వరగా అయిపోతుందంటారు, నిజమేనా?

గవ్వలరేవు:
సముద్రపు నీళ్లే పోయండి. కాల్షియం 410-420 పీపీఎం, మెగ్నీషియం 1300 దగ్గర, ఆల్కలినిటీ (కార్బోనేట్ల మోతాదు) 7 డీకేహెచ్. ఏ సాల్ట్ కంపెనీ అయినా కాపీ కొట్టేది ఈ లెక్కనే. పోటు మీద ఉన్నప్పుడు పట్టాలి. ఫిషింగ్ హార్బర్‌కీ మురుగు కాలవలకీ దూరంగా, వాన వెలిసి వారమైనా అయ్యాక. భీమిలిలో గోస్తనీ నది కలిసే చోట వద్దే వద్దు. 5 మైక్రాన్ల సంచిలో వడగట్టి, మూత ఉన్న ఫుడ్‌గ్రేడ్ డ్రమ్ములో, చీకట్లో, ఎయిర్ పంపు పెట్టి రెండు వారాలు ఉంచండి. నీళ్లలోని సూక్ష్మజీవాలు (ప్లాంక్టన్) చచ్చి లేచే అమ్మోనియా ఏదో ఆ డ్రమ్ములోనే లేస్తుంది.

జీరో_టీడీఎస్:
గవ్వలరేవు గారూ, ఆ అంకెలు ఉప్పదనం 35 (కిలో నీళ్లలో 35 గ్రాముల ఉప్పు) ఉన్నప్పటివి. అక్టోబరు, నవంబరుల్లో గంగా బ్రహ్మపుత్రల మంచినీటిని తీర ప్రవాహం ఒడిశా మీదుగా మన వైపు దించుతుంది. అప్పుడు మన తీరంలో 30 కంటే కిందికి కూడా పడుతుంది. 28కి వచ్చిందంటే కాల్షియం, మెగ్నీషియం అన్నీ ఐదో వంతు తగ్గినట్టే.

ఇక బాక్టీరియా మాట. నైట్రిఫై చేసేవి, అంటే అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చేవి, రాయికీ ఇసుకకీ అంటుకుని బతికే జాతి, నీళ్లలో తేలుతూ ఉండేవి చాలా తక్కువ. 50 లీటర్ల సముద్రం కంటే, నడుస్తున్న ట్యాంకులోంచి తెచ్చిన గుప్పెడు ఇసుక నయం.

తీరం_వాసు:
తగ్గిన ఉప్పదనానికి నౌపడ కల్లుప్పు వేస్తే సరిపోదా?

జీరో_టీడీఎస్:
సరిపోదు. ఉప్పు మడిలో నీళ్లు ఆవిరయ్యే కొద్దీ ముందు సున్నం, జిప్సం అడుగుకి దిగిపోతాయి. తర్వాత ఉప్పు గడ్డకడుతుంది. మెగ్నీషియం మిగిలిన చేదు నీళ్లలో ఉండిపోతుంది. అంటే కల్లుప్పు కాల్షియం, మెగ్నీషియం రెండూ పోగొట్టుకున్న సముద్రం. ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటర్ 35 చూపిస్తుంది, పగడం బతకదు. వంటింటి ఉప్పుకి ఇక్కడ ఒకటే పని: పొడిగా ఉన్న సన్నఉప్పు 36.5 గ్రాములు 963.5 గ్రాముల ఆర్‌ఓ నీళ్లలో కరిగిస్తే రిఫ్రాక్టోమీటర్‌లో సరిగ్గా 35 చూపించాలి. చూపించకపోతే స్క్రూ తిప్పి సరిచేయండి.

నత్తగుల్ల:
పేరు జీరో అయినా ఇంటి ఆర్‌ఓ మెషిన్ జీరో ఇవ్వదు అన్నా. రుచి కోసం లోపల టీడీఎస్ (కరిగిన లవణాల మొత్తం) వాల్వ్ పెట్టి కొంత మామూలు నీళ్లు కలుపుతారు. దాన్ని మూసి, తర్వాత మిగిలిన లవణాల్ని కూడా తీసేసే డీఐ రెసిన్ కార్ట్రిడ్జ్ తగిలించాలి. లేకపోతే బోరు నీళ్ల సిలికా గాజు మీద గోధుమరంగు డయాటమ్ (నాచు) పొరగా దర్శనమిస్తుంది. సాల్ట్ లీటరుకు 37 గ్రాములు, అంటే 50 లీటర్లకు 1.85 కిలోలు. నీళ్లు తిరుగుతుండగా ఉప్పు కొంచెం కొంచెంగా వేయాలి. ఉప్పు మీద నీళ్లు పోస్తే కాల్షియం తెల్లగా విరిగిపోయి మళ్లీ కరగదు.

గవ్వలరేవు:
28 ఉన్న నీళ్లకి లీటరుకు 8 గ్రాముల మెరైన్ సాల్ట్ చాలు. మొత్తం 400 గ్రాములు. 1.85 కిలోలెక్కడ, ఇదెక్కడ! వారం వారం 5 లీటర్లు మార్చాలని మర్చిపోకండి.

జీరో_టీడీఎస్:
ప్రతి డ్రమ్మూ కొలిచి సరిచేసే ఓపిక ఉన్నవాళ్లకి మీ మాట ఒప్పుకుంటా. కొత్తవాళ్లకి మాత్రం ప్రతిసారీ ఒకేలా ఉండే నీళ్లు ముఖ్యం.

నత్తగుల్ల:
ఏ నీళ్లైనా సైకిల్ ఒకటే. లైటు ఆపి, 26 డిగ్రీల్లో అమోనియం క్లోరైడ్ 0.3 గ్రాములు వేస్తే 50 లీటర్లకు అమ్మోనియా 2 పీపీఎం వస్తుంది. 5 దాటనివ్వకండి, బాక్టీరియా మొరాయిస్తుంది. మళ్లీ 2 వేసినప్పుడు 24 గంటల్లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకి రావాలి. డ్రై రాక్‌తో 4-6 వారాలు. మధ్యలో ఆగిపోతే ఆల్కలినిటీ చూడండి, బాక్టీరియా చేసే ఈ పని దాన్ని తినేస్తుంది. నైట్రైట్ ఉన్నంతకాలం నైట్రేట్ కిట్ ఎక్కువ చూపిస్తుంది, కంగారు పడొద్దు. ఇంకోటి, రాళ్ల కోసం బీచ్‌లో పగడపు ముక్కలు ఏరకండి. 1972 వన్యప్రాణి చట్టం షెడ్యూల్ 1లో పగడాలున్నాయి.

గవ్వలరేవు:
నైట్రైట్ సున్నా అయ్యేదాకా ఎందుకు? ఉప్పు నీళ్లలో క్లోరైడ్ దాన్ని మొప్పల్లోకి పోనివ్వదు. అమ్మోనియా ఒక్కటి దిగితే చేపని వేయొచ్చు.

నత్తగుల్ల:
చేపకి ఏమీ కాదు, నిజమే. కానీ నైట్రైట్ నిలిచిందంటే నైట్రైట్‌ను మార్చే రెండో దశ బాక్టీరియా ఇంకా పెరగలేదని అర్థం. ఇంకో వారం ఆగితే పోయేదేముంది?

మధురవాడ_నానో:
ఈ అక్టోబరుకి బకెట్ సాల్టే. వేసవిలో డ్రమ్ము కొంటా. ఆవిరైన నీటికి బదులు ఉప్పునీళ్లే పోయాలా?

జీరో_టీడీఎస్:
కాదు, ఉత్త ఆర్‌ఓ-డీఐ నీళ్లు. ఆవిరయ్యేది నీరే, ఉప్పు ట్యాంకులోనే ఉంటుంది.