సమస్య: "టోపి పెట్టినవాఁడె సంతాపమందె"

నిర్వాహకుడు, ఒంగోలు:

ఈ వారం సమస్య తేటగీతి పాదము. దీనిని నాలుగవ పాదంగా ఉంచి, పై మూడు పాదాలు రాసి పద్యాన్ని పూరించాలి. విషయ నియమం కూడా ఒకటి ఉన్నది. పూర్వకాలపు హాస్యచిత్రంలో పల్లె విడిచి పట్నం చేరిన అమాయక యువకుడు పద్యంలో కనబడాలి. ఈ నియమానికి ప్రేరణ 1940లో వచ్చిన "బారిస్టర్ పార్వతీశం" చిత్రం. మొక్కపాటి నరసింహశాస్త్రిగారి నవల తొలి భాగం 1924లో వెలువడగా, పదహారేళ్ళ తరువాత రఘుపతి వెంకయ్య నాయుడుగారి కుమారుడు ఆర్. ప్రకాష్ దానిని తెరకెక్కించారు. పార్వతీశంగా లంక సత్యం నటించారు. మన ఒంగోలులో పుట్టిన జి. వరలక్ష్మికి అది తొలినాళ్ళ చిత్రం కావడం వలన, ఊరి అభిమానం కూడా ఈ ఎంపికలో కొంత పని చేసిందని ఒప్పుకొంటున్నాను.

మన వైపు పెద్దవాళ్ళ నోట "పట్నం" అంటే మద్రాసే, వేరే ఊరు కాదు. మద్రాసుకు బెజవాడ రైలుదారి 1899లో కలిసింది కనుక, గోదావరి దిక్కు నుండి రైలెక్కిన ఏ పార్వతీశమైనా ఒంగోలు, కావలి, నెల్లూరు దాటకుండా పట్నం చేరలేడు. మన స్టేషన్లను అతడు నిద్రలోనే దాటి ఉంటాడని నా అనుమానం.

ఛందస్సు గురించి ఒక మాట. పాదంలో "టోపి / పెట్టిన / వాఁడె సం / తాప / మందె" అని ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు ఉన్నాయి. పాదం మొదటి అక్షరానికీ నాలుగవ గణం మొదటి అక్షరానికీ ఉండవలసిన పొత్తు యతి. టో, తా అక్షరాలకు అది కుదరదు, నిజమే. ఇక్కడ ఉన్నది ప్రాసయతి. రెండవ అక్షరాలు రెండూ పకారాలు, వాటి ముందున్నవి రెండూ గురువులు. తేటగీతిలో ఇది చెల్లుతుంది, కందంలో గాని వృత్తంలో గాని చెల్లదు.

కావలి సభ్యుడు:

మొగలితుర్రును విడిచి సముద్రయాత్ర
సేయఁ బట్నాన నతివలు శిరమునందుఁ
దాల్చుదానిని దెలియక తాను గొనుచు
టోపి పెట్టినవాఁడె సంతాపమందె.

పార్వతీశం ఆడవాళ్ళ టోపీ కొని తలకెత్తుకొన్న ఘట్టాన్ని తీసుకొన్నాను. "టోపి పెట్టు" అనే జాతీయాన్ని పక్కకు నెట్టి, నిజమైన టోపీని నిజమైన తల మీద పెట్టడమే నా ఉద్దేశ్యం.

నెల్లూరు, విశ్రాంత తెలుగు పండితుడు:

ధార బాగున్నది. "మొ", "ము" అక్షరాలకు, "సే", "శి" అక్షరాలకు యతి చక్కగా కుదిరింది. అయితే మూడవ పాదం చివర "గొనుచు" అన్నారు. చువర్ణం ద్రుతాంతం, అంటే చివర నకారం దాగి ఉన్నది, దాని మీద "టోపి" వస్తే "డోపి" కావలసి ఉంటుంది. సమస్యాపాదంలో ఒక్క అక్షరం మార్చే హక్కు పూరణకర్తకు లేదు కాబట్టి, పై పాదం చివర కళాంతమైన మాట, అంటే ఆ నకారం లేనిది, ఉండేటట్లు చూసుకోవాలి. "దాల్చుదానిని దెలియక ధరకుఁ దెచ్చి" అంటే దాకారానికి ధకారం యతిగా నిలుస్తుంది, "తెచ్చి" వంటి క్త్వార్థకం కళ కనుక టకారానికీ ముప్పు రాదు. కొంటూనే తలకు పెట్టుకొన్నాడనే తొందరపాటు అర్థం కూడా తొలగిపోతుంది.

నిర్వాహకుడు:

పండితులవారి సవరణ శిరోధార్యం. నా అభ్యంతరం వ్యాకరణానికి సంబంధించినది కాదు. ఈ పద్యంలో సంతాపానికి కారణం లేదు. టోపీ ఆడవాళ్ళదని అతనికి తెలియదని మూడవ పాదంలో మీరే అన్నారు, తెలియనివాడు నాలుగవ పాదంలో ఎలా బాధపడతాడు? చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వినా, తన దర్జా చూసి ముచ్చటపడుతున్నారనుకొని మరింత నిటారుగా నిలబడే మనిషి అతడు. ఎవరో ఒకరు చెవిలో చెప్పినట్లు పద్యంలో రెండు మాటలైనా ఉండాలి. అయితే, అలా చెప్పించి అమాయకుణ్ణి ఏడిపిస్తే హాస్యం కరుణలోకి జారిపోతుందేమోనన్న భయం కూడా ఉన్నది. ఈ సమస్యలో "సంతాపమందె" అనే మాట ఎవరిదవుతుందన్నదే నాకు ముఖ్యం. అమాయకుడిది కాకుండా ఇంకెవరిదైనా అయితే పూరణ పండుతుందని నా నమ్మకం.

కావలి సభ్యుడు:

అంగీకరించలేను. తల మీద ఉన్నదేమిటో తెలిసిన క్షణంలో పార్వతీశానికి సిగ్గు కలుగుతుంది, ఆ సిగ్గు చూసి మనం నవ్వుతాము, ఆ మరుక్షణమే అతని మీద జాలిపడతాము. నవ్వును, జాలిని విడదీస్తే మిగిలేది ఎకసెక్కమే. "ధరకుఁ దెచ్చి" అన్న సవరణను మాత్రం కృతజ్ఞతతో స్వీకరిస్తున్నాను.

సింగరాయకొండ, డిగ్రీ విద్యార్థిని:

గురువుగారూ, ఇది నా మూడవ ప్రయత్నం. తప్పులుంటే దిద్దండి. సినిమాలో వేషం ఇప్పిస్తానని డబ్బు తీసుకొన్న దళారి కథ ఇది.

వేష మిప్పింతు నని డబ్బు మొదటఁ గొనిన
వాని యింటనే దిగెఁ జిన్నవాఁడు మూట
తోడ; నెలలాఱు గడచినఁ దొలఁగఁ డతఁడు;
టోపి పెట్టినవాఁడె సంతాపమందె.

నిర్వాహకుడు:

అమ్మా, కల్పన చాలా బాగున్నది. నమ్మకమే ఆయుధంగా మోసగాడి ఇంటిని ముట్టడించిన పిల్లవాడు కళ్ళకు కట్టినట్లున్నాడు. "మూట / తోడ" అని పాదం విరిగేచోట మూటను దించడం, గుమ్మంలో మూట దిగిన చప్పుడు వినిపించినట్లే ఉన్నది. మొదటి పాదంలో మాత్రం యతి తప్పింది. "వే" అక్షరానికి నాలుగవ గణం మొదట వకారం వంటి పొత్తు గల హల్లు ఉండాలి, దాని మీద ఇ, ఈ, ఎ, ఏ వంటి పొత్తు గల స్వరం ఉండాలి. మీరు "మొ" వేశారు. హల్లూ కలవలేదు, అచ్చూ కలవలేదు. "వేష మిప్పింతు నని డబ్బు వేగఁ గొనిన" అంటే సరిపోతుంది. దళారి తొందర కూడా ఆ "వేగఁ"లో వినిపిస్తుంది.

నెల్లూరు, విశ్రాంత తెలుగు పండితుడు:

ఈ అమ్మాయి పాదాంతంలో "అతఁడు" వాడినందుకు మెచ్చుకోవాలి. అది కళాంతమే. తెలిసి వాడిందో, తెలియక వాడిందో గాని, మా కావలి మిత్రుడు జారినచోట ఆమె జారలేదు.

సింగరాయకొండ, డిగ్రీ విద్యార్థిని:

తెలియకనే వాడాను. ఇకమీదట తెలిసి వాడతాను. ఒక సందేహం. ఆరు నెలల పాటు ఆ ఇంట్లో అన్నం ఎవరు వండి పెట్టారో పద్యంలో చెప్పలేకపోయాను. అది లోపమా?

నిర్వాహకుడు:

లోపం కాదు. చెప్పకపోవడమే మేలు. నాలుగవ పాదంలోని సంతాపం బియ్యం బస్తాల లెక్కేనని చదివినవాడు తానే గ్రహిస్తాడు.

కొండపి సభ్యుని పూరణ నాకు విడిగా అందింది. ఆయన టోపీని తెల్లదొర తలకు పెట్టి, 1928 ఫిబ్రవరి 3న మద్రాసులో సైమన్ కమిషన్ రాకను నిరసించిన ఊరేగింపులో తుపాకులకు ఎదురుగా రొమ్ము చూపిన ప్రకాశం పంతులుగారిని వర్ణించారు. పద్యం గంభీరంగా ఉన్నది. బారిస్టరీ కోసం 1904లో నిజంగానే ఓడ ఎక్కిన మన జిల్లావాడు కాబట్టి, పార్వతీశం పక్కన ఆయనను తలచుకోవడమూ సహజమే. కాని ఆ ఘట్టంలో ఉన్నది అమాయకత్వం కాదు, తెగింపు. విషయ నియమాన్ని బట్టి దానిని ఇక్కడ పరిశీలనకు తీసుకోవడం లేదు.

ఆత్మకూరు సభ్యుడు:

మద్రాసు మౌంట్ రోడ్డులో ఎల్‌ఐసీ భవనం 1959లో లేచింది. ఆ రోజులలో జనం దానిని పధ్నాలుగు అంతస్తుల మేడ అనేవారు. దాని మీద మా ఇళ్ళలో ఒక హాస్యకథ తిరిగేది. పల్లెటూరివాడు తలెత్తి అంతస్తులు లెక్కపెడుతూ ఉంటే, ఒకడు వచ్చి, లెక్కించినందుకు అంతస్తుకు ఒక రూపాయి రుసుము కట్టాలన్నాడట. నా పూరణ ఆ కథే.

మిద్దె పదునాల్గు లెక్కించి మెలఁకువగను
బదియె యని చెప్పి రుసుమును బదియె యిచ్చి
నాల్గు మిగిలినవని వాఁడు నవ్వ నెఱిఁగి
టోపి పెట్టినవాఁడె సంతాపమందె.

నెల్లూరు, విశ్రాంత తెలుగు పండితుడు:

ఏమి పూరణ! సమస్యలోని చిక్కు దారం ముడిలా జారిపోయింది. ఒక్క సవరణ చేస్తాను. "మిద్దె పదునాల్గు" అంటే బహువచనం లేక పదం కుంటుతున్నది. "మిద్దె లీరేడు లెక్కించి మెలఁకువగను" అనండి. "లీరేడు" తగణం, అదీ ఇంద్రగణమే కనుక గణభంగం లేదు. "ఈరేడు" అనగానే పధ్నాలుగు లోకాలు స్ఫురిస్తాయి, పల్లె నుండి వచ్చినవాడికి ఆ మేడ ఈరేడు లోకాలంత ఎత్తుగానే కనబడి ఉంటుంది. అంతస్తు అనకుండా మన మాట మిద్దెను వాడినందుకు వేరుగా అభినందనలు. "అంతస్తు"లో "త" మీద స్తకారం పడి గురువవుతుంది కాబట్టి, ఆ మాటతో పాదం మొదలుపెట్టి ఉంటే సూర్యగణం దక్కేది కూడా కాదు.

నిర్వాహకుడు:

నేను వెతుకుతున్నది ఇదే. ఇందులో మోసపోయినవాడు సంతోషిస్తున్నాడు, మోసగించినవాడు నష్టపోయానని కుములుతున్నాడు. పది రూపాయలు ఉత్తపుణ్యానికి సంపాదించినవాడికి, ఎన్నడూ తనవి కాని నాలుగు రూపాయల మీద దుఃఖం కలిగింది. ఇద్దరి లెక్కలూ తప్పే, ఇద్దరిలో ఎవరికీ ఆ సంగతి తెలియదు. పట్నం తెలివి పల్లె అమాయకత్వానికి లొంగిపోయి, దాని లెక్కనే నిజమని నమ్మింది. మూడవ పాదం చివరి "నెఱిఁగి" ఈ పద్యానికి ప్రాణం. కావలివారి పద్యంలో లేదని నేను గొణిగిన ఎఱుక ఇక్కడ ఉన్నది, అదీ ఉండవలసినవాడికి ఉన్నది. సినిమాగా తీస్తే ఆఖరి దృశ్యంలో మోసగాడి ముఖం మీదే కెమెరా నిలబడాలి.

కావలి సభ్యుడు:

ఈ పద్యం ముందు నా వాదం నిలవదని ఒప్పుకొంటాను. అయినా పార్వతీశం కథ వేరు, ఈ కథ వేరు. పార్వతీశానికి ఎవరూ టోపీ పెట్టలేదు, తానే పెట్టుకొన్నాడు. తనను తాను మోసం చేసుకొన్నవాడి సంతాపం కూడా హాస్యంలో ఒక భాగమే.

నిర్వాహకుడు:

ఆ మాట పద్యంలోకి తెచ్చి ఉంటే నేను నోరెత్తేవాణ్ణి కాను. రివాజు ప్రకారం నా పూరణ కూడా ఉంచుతున్నాను. పాతకాలపు కథను చిత్రంగా తీసేటప్పుడు దుస్తులు చూసుకొనే పనివాడి అవస్థ ఇది.

కడలి యొడ్డున నటునకుఁ గథకుఁ దగిన
దానిఁ దెచ్చెను బాడుగ ధనము గట్టి;
గాలి యెత్తఁగ నలలలోఁ గలియునపుడు
టోపి పెట్టినవాఁడె సంతాపమందె.

నెల్లూరు, విశ్రాంత తెలుగు పండితుడు:

బాడుగ అన్నారు, సంతోషం. కాని "తెచ్చెను" అన్న సమాపక క్రియకు కర్త ఎవరో నాలుగవ పాదం దాకా తెలియదు. అంతకు మించిన అభ్యంతరం మరొకటి ఉన్నది. మీరు విధించిన నియమం ప్రకారం అమాయక యువకుడు ఏడీ? ఇందులో నటుడున్నాడు, పనివాడున్నాడు, గాలి ఉన్నది.

నిర్వాహకుడు:

దొరికిపోయాను. కొండపివారిని పక్కన పెట్టిన నియమమే నన్నూ పక్కన పెట్టాలి. నా పూరణను పోటీ నుండి ఉపసంహరించుకొంటున్నాను. ఈ వారం ఉత్తమ పూరణ ఆత్మకూరువారిది, "మిద్దె లీరేడు" సవరణతో. ప్రోత్సాహక ప్రశంస సింగరాయకొండ అమ్మాయికి, "వేగఁ గొనిన" సవరణతో.

సింగరాయకొండ, డిగ్రీ విద్యార్థిని:

ధన్యవాదాలు గురువుగారూ. ఆత్మకూరు పెదనాన్నగారూ, మీరు ఆ మేడను స్వయంగా చూశారా?

ఆత్మకూరు సభ్యుడు:

చూశానమ్మా. నాకప్పుడు పదిహేనేళ్ళు. మా నాయన వెంట తొలిసారి పట్నం పోయాను. రోడ్డుకు అవతలి పక్క నిలబడి, తల వెనక్కి వాల్చి, వేలితో ఒక్కొక్క వరుస కిటికీలనూ చూపుకొంటూ లెక్కపెట్టాను. ఎనిమిదో తొమ్మిదో దాటాక మెడ పట్టేసింది, లెక్క తప్పింది. మళ్ళీ మొదటి నుండి ఎత్తుకొనేసరికి బస్సు వచ్చిందని మా నాయన రెక్క పట్టుకొని లాక్కుపోయాడు.

సింగరాయకొండ, డిగ్రీ విద్యార్థిని:

మరి రుసుము ఎవరైనా అడిగారా?

ఆత్మకూరు సభ్యుడు:

ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే ఎనిమిది చెప్పాలో, తొమ్మిది చెప్పాలో తేల్చుకోలేక పదీ ఇచ్చేసి ఉండేవాణ్ణి.