“రెండు నసమానులకున్”: ఆ కందంలో ‘సు’ ఉందా?

అనంతపురం: అందరికీ నమస్కారం. ఒక పద్యం చివర మాత్రమే నోట్లో ఆడుతోంది: “గా కగునె రెండు నసమానులకున్”. భారతంలో, స్నేహం గుర్తుచేసుకుని వచ్చిన ద్రోణుణ్ణి రాజైన ద్రుపదుడు తీసిపారేసే సందర్భం. పై పాదంలో ‘సమచారిత్రులకు’నా, ‘సమసుచారిత్రులకు’నా? కులం అనే మాట కూడా ఉన్నట్టు గుర్తు. నేను అడ్వకేట్‌ని. మొన్న ఒక విడాకుల కేసులో రాజీకి కూర్చున్నప్పుడు పెద్దాయన ఒకరు ఈ పద్యం ఎత్తుకుని, “అంతస్తు చూడకుండా సంబంధం కలుపుకుంటే ఇంతేనమ్మా” అన్నారు. అమ్మాయి తండ్రి ఇంకేం మాట్లాడలేకపోయాడు. ఆ పద్యం నిజంగా ఆ మాటే అంటోందా?

ప్రొద్దుటూరు: నన్నయ, ఆదిపర్వం. పూర్తి పద్యం ఇది:

సమశీలశ్రుతయుతులకు
సమధనవంతులకు సమసుచారిత్రులకుం
దమలో సఖ్యమును వివా
హము నగుఁ గా కగునె రెండు నసమానులకున్

శీలం, శ్రుతం (చదువు), ధనం, నడవడి సమంగా ఉన్నవాళ్ల మధ్యే స్నేహమూ పెళ్లీ కుదురుతాయి, అసమానులకు కుదరవు అని భావం. ‘సు’ ఉండి తీరాలి. రెండో పాదం గణాలు వేసి చూడండి: సమధన, వంతుల, కుసమసు, చారి, త్రులకుం. అక్కడ మూడో గణం నలమో (నాలుగు లఘువులు) జగణమో (లఘువు, గురువు, లఘువు) కావాలి. ‘సు’ తీసేస్తే ఒక మాత్ర తగ్గి గణమే లేకుండా పోతుంది.

రాజంపేట: గణం కోసమే ‘సు’ పడిందంటే నేను ఒప్పుకోను మాస్టారూ. నన్నయ అంత తేలిగ్గా పూరణ చెయ్యడు. చారిత్రం అంటే నడవడి. ఇద్దరూ ఒకే రకం తాగుబోతులైతే వాళ్ల నడవడీ సమానమే కదా, దాన్ని పొత్తు అంటామా? అందుకే ‘సు’చారిత్రం. మంచి నడవడిలో సాటి కావాలని ఆ ఒక్క అక్షరం చెబుతోంది.

నంద్యాల: అందరూ ‘సు’ పట్టుకుని వేలాడుతున్నారు గానీ, అసలు దెబ్బ సంస్కృత మూలంలో ఉంది. “యయోరేవ సమం విత్తం... న తు పుష్టవిపుష్టయోః”. పుష్ట అంటే తిండి పుష్టిగా ఉన్నవాడు, విపుష్ట అంటే లేనివాడు. అంత బతుకు వాసన ఉన్న మాటను నన్నయ ‘అసమానులు’ అని నున్నగా చెక్కేశాడు. అక్కా, మీ పెద్దాయన చెప్పింది మూలంలోని భావం, నన్నయది కాదు. కులం సంగతి అంటారా, సంస్కృత పాఠాల్లో ఒకచోట ‘సమం కులం’, ఇంకోచోట ‘సమం శ్రుతం’ కనిపిస్తాయి. నన్నయ పద్యంలో మాత్రం కులం లేదు. శీలం, శ్రుతం ముందు పెట్టి, ధనాన్ని వాటి తర్వాత పెట్టాడు.

ప్రొద్దుటూరు: నున్నగా చెక్కాడనడం అన్యాయం. ఆ సందర్భంలోనే “ధనపతితో దరిద్రునకుఁ దత్త్వవిదుం డగువానితోడ మూర్ఖునకు” అని సాగే పద్యం ఉంది. మొదటి జతే ధనపతి, దరిద్రుడు! పుష్టవిపుష్టులు అక్కడ ఉన్నారు. ఆ నడక వింటుంటే ద్రుపదుడు ఒక్కో మెట్టూ దిగుతూ ద్రోణుణ్ణి కిందికి తోస్తున్నట్టు ఉంటుంది. అక్షరరమ్యత అని నన్నయ చెప్పుకున్నది ఊరికే కాదు. ఇంకొకటి, ఆ పద్యంలో అడిగింది సఖ్యం గురించే. వివాహం అన్న మాట మూలంలోని సామెతతో పాటు మన కందంలోకి వచ్చింది. దాన్ని పెళ్లి పంచాయితీలో తీర్పులా వాడటం సరికాదు.

ధర్మవరం: సార్, వాడుతూనే ఉన్నారు కదా. “కయ్యానికైనా వియ్యానికైనా సమవుజ్జీ ఉండాలి” అనని ఊరు ఉందా? అయితే సమం దేనిలో అన్నది ఇంటిని బట్టి మారుతుంది. మా మగ్గాల ఇళ్లలో పెళ్లిచూపులంటే పిల్లకు కండెలు చుట్టడం వచ్చా, మగ్గం పనికి చెయ్యి సాయం చేస్తుందా అని అడుగుతారు. ఇంట్లో ఇద్దరి చెయ్యీ ఆడితేనే చీర దిగుతుంది. మా దగ్గర శ్రుతం అంటే అదే. భూములున్న ఇళ్లలో మేనరికం చూస్తారు, పొలం గట్టు దాటకూడదని. రెండూ పెళ్లిళ్లే, కారణాలు వేరు. విడిపోవడమూ అంతే. మగ్గం ఇంట్లో గొడవ తాగుడు మీద, అప్పు మీద వస్తుంది. ఆస్తి ఉన్న ఇంట్లో మాటలు లేకపోయినా ఇద్దరూ ఒకే కప్పు కింద ఏళ్లకేళ్లు ఉంటారు, పంపకాలకు ఎవరూ సిద్ధంగా ఉండరు కాబట్టి.

ఆదోని: ధర్మవరం అన్న మాటకు ఇంకొంచెం చేరుస్తా. మా వైపు సుగ్గికి, అంటే కోతల కూలికి వలస, పోయేది మొగుడూ పెళ్లాం కలిసి. మిరప కోతలో ఆడమనిషి కూలి లేకపోతే సంసారం నడవదు. అందుకే కష్టం చేసుకునే కులాల్లో చాలావాటిలో కట్నం కాదు, ఓలి ఉండేది. మగవాళ్లే ఇచ్చేవాళ్లు. కుదరకపోతే పెద్దమనుషుల ముందు తెగదెంపులు, తర్వాత మారుమనువు. కొత్తగా చేసుకునేవాడు పాతవాడికి పెళ్లి ఖర్చు కట్టేవాడు. విడాకులు చదువుకున్నవాళ్లు తెచ్చిన కొత్త రోగం అనేవాళ్లను చూస్తే నాకు కోపం వస్తుంది. కిందివాళ్లకు అది ఎప్పటినుంచో ఉంది. లేనిది పైవాళ్లకే.

అనంతపురం: ఇది చట్టంలోనూ కనిపిస్తుంది. మన జిల్లాలు మద్రాసు రాష్ట్రంలో ఉన్నప్పుడు 1949లో ఒక విడాకుల చట్టం వచ్చింది, 1955లో హిందూ వివాహ చట్టం. ఆ చట్టం 29(2) సెక్షన్ ఆచారం ప్రకారం జరిగే విడాకుల హక్కును అలాగే ఉంచింది. ఇద్దరూ ఇష్టపడి విడిపోయే 13-బి మాత్రం 1976 దాకా రాలేదు. పెద్దమనుషుల ముందు ఎన్నడో జరుగుతున్నదాన్ని చట్టం అంత ఆలస్యంగా అందుకుంది.

నంద్యాల: అయితే నా సిద్ధాంతం వినండి. ఈ కందంలో ఒక్కో మాట ఒక్కో తరగతికి సరిపోతుంది. ఆస్తిపరులు ధనం చూసి కలుపుకుంటారు. ఉద్యోగాల ఇళ్లలో శ్రుతం, అంటే చదువు. అమ్మాయి ఎంటెక్, అబ్బాయి డిగ్రీ దగ్గర ఆగితే సంబంధం అక్కడే చెడుతుంది, లేదా పెళ్లయ్యాక చెడుతుంది. రెక్కల కష్టం మీద బతికేవాళ్లకు మిగిలేది శీలం, చారిత్రం.

రాజంపేట: బాగుంది గానీ అతకదు. మా వైపు పెళ్లినాటికి ఇద్దరూ పేదవాళ్లే, ‘సమధనవంతులే’. తర్వాత ఆమె కువైట్ పోతుంది, డబ్బు పంపుతుంది, ఇల్లు కడుతుంది. ఆయన ఇక్కడే ఉంటాడు. అప్పుడు సమం ఎక్కడుంది? నన్నయ చెప్పింది పెళ్లినాటి సమమా, బతుకంతా ఉండే సమమా? నా లెక్కన అందుకే శీలం ముందు వచ్చింది. ధనం ఎటైనా తిరుగుతుంది.

ఆదోని: శీలం ముందు రావడం ప్రాసకోసం కూడా కావచ్చు కదా?

ప్రొద్దుటూరు: ప్రాస ‘మ’. అది ‘సమ’తోనే కుదిరింది, శీలం రాకపోయినా కుదిరేది. మీ వాదన నిలవదు.

ధర్మవరం: ఒకటి అడుగుతా. ఈ మాట అన్నది ఎవరు? అహంకారంతో కళ్లు నెత్తికెక్కిన రాజు. తర్వాత అర్జునుడు అతన్ని పట్టి తెస్తే, ద్రోణుడు సగం రాజ్యం తాను ఉంచుకుని సగం తిరిగి ఇచ్చి, ఇప్పుడు సమానులమయ్యాం కాబట్టి స్నేహం కుదురుతుంది అన్నాడు. ఆ కథంతా వదిలేసి, కూతురి సంసారం చెడిన తండ్రి ముందు ద్రుపదుడి మాట ధర్మంలా చదవడం నాకు మింగుడు పడటం లేదు. అక్కా, ఆయన మళ్లీ చదివితే మిగతా కథ కూడా చెప్పమనండి.

అనంతపురం: తప్పకుండా అడుగుతాను. ‘సు’ విషయంలో ప్రొద్దుటూరు సార్ గణం, రాజంపేట సార్ అర్థం రెండూ రాసుకున్నాను. శీలానికీ చారిత్రానికీ తేడా మాత్రం ఇంకా తేలలేదు. రెండూ నడవడే అయితే నన్నయ రెండుసార్లు ఎందుకు అన్నట్టు?

నంద్యాల: శీలం పుట్టుకతో వచ్చే స్వభావం, చారిత్రం చేసి చూపించేది.

రాజంపేట: కాదు, తిరగేసి చూడండి.